టెస్టులన్నీ గ్రీనే... మరి కూపన్ ఎందుకు ఆగలేదు?

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాత రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాను. వీడియోలో స్క్రీన్ మీద చూపించిన కోడ్‌ని ఇక్కడ మాటల్లోనే చెప్పాను, ఫోన్‌లో చదివేవాళ్లకి అదే సుఖం.)

ఈ రోజు ఎపిసోడ్ యూనిట్ టెస్టుల గురించి. ఈ మాట వినగానే సగం మంది స్కిప్ కొట్టేస్తారని నాకు తెలుసు. నేనూ అంతే. బీటెక్‌లో టెస్టింగ్ అని ఒక చాప్టర్ ఉండేది, పరీక్ష ముందు రోజు రాత్రి డెఫినిషన్లు బట్టీ పట్టాను, పేపర్ మీద దించేశాను, హాల్ బయటికి రాగానే మర్చిపోయాను. అవి నిజంగా ఎందుకు రాయాలో ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, జనవరి మొదటి వారంలో, ఒక బేకరీ ఓనర్ నాకు నేర్పారు. ఆయనకి కోడింగ్ రాదు. ముందు ఆ సంగతి చెప్తాను, తర్వాత టెక్నికల్ విషయంలోకి వెళ్దాం.

38 కేకులు

అప్పుడు నేను ఒక డెలివరీ యాప్ టీమ్‌లో ఉన్నాను. కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు నాది. డిసెంబర్‌లో ఒక కూపన్ పెట్టారు: 199 రూపాయలు దాటిన బిల్లు మీద 50 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100 రూపాయలు, 31వ తేదీ రాత్రి 12 వరకు. తగ్గింపులో సగం యాప్ భరిస్తుంది, సగం షాపు భరిస్తుంది. షాపుల వాళ్లు ఒప్పుకున్నది 31 వరకే. ఒకటో తారీఖు ఎలాగూ గిరాకీ ఉంటుంది కాబట్టి డిస్కౌంట్ అక్కర్లేదని వాళ్ల లెక్క.

ఆ కూపన్ కోడ్ రాసింది నేను, దాని టెస్టులు రాసింది కూడా నేనే. అన్నీ గ్రీన్. కవరేజ్ రిపోర్ట్‌లో ఆ క్లాస్ పక్కన 100 శాతం. స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూప్‌లో కూడా పెట్టాను.

జనవరి మొదటి వారంలో సపోర్ట్ టీమ్ ఒక కాల్ మాకు కలిపింది. అటువైపు బేకరీ ఓనర్. గొంతు పెంచలేదు, తిట్టలేదు. "బాబూ, 31 దాకే అన్నారు కదా. ఒకటో తారీఖు పన్నెండు దాటాక వచ్చిన బిల్లులకి కూడా నా దగ్గర కట్ చేశారు. మొత్తం 38 ఉన్నాయి, టైములతో సహా రాసి పెట్టాను, చదవమంటారా?" అని అడిగారు. 38 ఆర్డర్లు, ఒక్కోదానికి ఆయన వాటా 50 రూపాయలు, వెరసి 1,900. మా మీటింగ్‌లో ఒకళ్లు "అంతేనా" అన్నారు. ఆయనకి మాత్రం అది ఆ రాత్రి తెల్లవారేదాకా పనిచేసిన ఇద్దరు కుర్రాళ్ల కూలి.

వెతికితే, ఆయనొక్కరిదే కాదు, కూపన్ పెట్టిన షాపులన్నిటిలోనూ రాత్రి 12 నుంచి పొద్దున 5:30 దాకా తగ్గింపు పోతూనే ఉంది. డబ్బులు అందరికీ తిరిగి ఇచ్చారు. కానీ మిగతా షాపుల వాళ్లెవరూ అప్పటికి అడగలేదు. ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు కాబట్టి బయటపడింది, లేకపోతే లేదు.

5:30 అనగానే మీలో కొందరికి వెలిగి ఉంటుంది. మన టైము యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. మా సర్వర్ యూటీసీలో నడుస్తోంది. కోడ్‌లో నేను "ఈ రోజు తేదీ ఎంత?" అని సర్వర్‌ని అడిగాను. ఇక్కడ జనవరి ఒకటి వచ్చేసి, జనం కేకులు కోస్తుంటే, సర్వర్ మాత్రం ఇంకా డిసెంబర్ 31 అనే చెప్తోంది. ఇండియాలో పొద్దున 5:30 అయితే గానీ దానికి కొత్త సంవత్సరం రాలేదు.

సరే, ఇది టైమ్ జోన్ బగ్. చాలామంది చేసే తప్పే. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరు. టెస్టులు ఉన్నాయి కదా, మరి అవేం చేస్తున్నాయి?

నా టెస్ట్ ఏం అడిగింది?

నా మొదటి టెస్ట్ ఇలా ఉండేది: చివరి తేదీ "ఈ రోజు" అని పెట్టి ఒక కూపన్ తయారుచెయ్యి, అది చెల్లుతుందా అని అడుగు, అవును అంటే పాస్. రెండోది: చివరి తేదీ "నిన్న" అని పెట్టు, చెల్లదు అంటే పాస్.

చూడటానికి బాగానే ఉన్నాయి కదా? కానీ "ఈ రోజు" ఎంత అని టెస్ట్ ఎవర్ని అడుగుతోంది? అదే మెషీన్‌ని. కోడ్ ఎవర్ని అడుగుతోంది? అదే మెషీన్‌ని. గడియారం తప్పు చెప్పినా ఇద్దరికీ ఒకే తప్పు చెప్తుంది, ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. నా ల్యాప్‌టాప్‌లో ఇండియా టైము, అక్కడా పాస్. బిల్డ్ సర్వర్‌లో యూటీసీ, అక్కడా పాస్. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసి, తర్వాత ఆ పక్కవాడి పేపర్‌తోనే సరిచూసుకున్నట్టు అన్నమాట.

బేకరీ ఆయన నోట్‌బుక్ అలా లేదు. ఆయన దగ్గర ముందే రాసుకున్న మాట ఒకటి ఉంది: 31 రాత్రి 12 వరకు. జరిగినదాన్ని ఆ మాటతో పోల్చారు. మన కోడ్ లోపల ఏముందో ఆయనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోమంటే ఇది: టెస్ట్ అనేది కోడ్‌ని ఇంకోసారి రాయడం కాదు, ఆ క్లాస్ బయటివాళ్లకి ఇచ్చిన మాటని రాయడం. మిగతాదంతా, పేర్లు ఎలా పెట్టాలి, ఫైళ్లు ఎలా సర్దాలి, మాక్‌లు ఎక్కడ వాడాలి, అన్నీ దీని నుంచే వస్తాయి.

అసలు యూనిట్ టెస్ట్ అంటే

ప్రోగ్రామ్‌లో ఒక చిన్న ముక్కని, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్‌లో అయితే సాధారణంగా ఒక క్లాస్‌ని, యాప్ మొత్తం నడపకుండా విడిగా పరీక్షించే ఇంకో చిన్న ప్రోగ్రామ్. డేటాబేస్ లేదు, నెట్‌వర్క్ లేదు, ఫోన్ స్క్రీన్ లేదు. అందుకే వందల టెస్టులు సెకన్లలో అయిపోతాయి.

ఇది కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. కెంట్ బెక్ అనే ఆయన స్మాల్‌టాక్ భాష కోసం ఎస్‌యూనిట్ అని ఒకటి రాశారు. 1997లో ఆయన, ఎరిక్ గామా కలిసి జ్యూరిచ్ నుంచి అట్లాంటాకి విమానంలో వెళ్తూ, దారిలో కూర్చుని జావాకి ఒకటి మొదలుపెట్టారు. అదే జేయూనిట్. దాని వరసలోనే డాట్‌నెట్‌కి ఎన్‌యూనిట్, పైథాన్‌కి యూనిట్‌టెస్ట్ వచ్చాయి. నేను ఈ రోజు జావా, జేయూనిట్ 5 పేర్లతో చెప్తాను. మీరు కోట్లిన్ రాసినా, పైథాన్ రాసినా పద్ధతి ఇదే.

ఒక టెస్ట్‌లో మూడు భాగాలు ఉంటాయి. కావాల్సినవి సర్దుకోవడం, ఒక్క పని చేయించడం, ఫలితం చూడటం. దీనికి 2001లో బిల్ వేక్ పెట్టిన పేరు అరేంజ్, యాక్ట్, అసర్ట్. వంటకి ముందు కూరగాయలు తరిగి పెట్టుకోవడం, పొయ్యి మీద పెట్టడం, ఉప్పు సరిపోయిందా అని చూడటం, అంతే. ఈ మూడింటి మధ్య ఒక్కో ఖాళీ లైన్ వదలండి, చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మధ్య భాగం సాధారణంగా ఒకే లైన్ ఉండాలి. నాలుగు పనులు చేయించి నాలుగు ఫలితాలు చూస్తున్నారంటే అది ఒక టెస్ట్ కాదు, నాలుగు టెస్టులు ఒకే పేరు మీద బతుకుతున్నట్టు.

ముందు మాటలు రాసుకోండి

కోడ్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని మన కూపన్ ఇచ్చే మాటలు రాద్దాం.

ఒకటి, బిల్లు 199 కంటే తక్కువైతే తగ్గింపు లేదు. రెండు, ఉంటే సగం. మూడు, ఎంత ఉన్నా 100 దాటదు. నాలుగు, భారత కాలమానం ప్రకారం 31 రాత్రి 12 దాటితే చెల్లదు.

ఇలా రాయగానే ఒక సందేహం వస్తుంది, గమనించారా? సరిగ్గా 199 అయితే? "199 దాటిన" అన్నారు కదా, 199 కూడా కలుస్తుందా కలవదా? దీనికి జవాబు డెవలపర్ ఊహించుకోకూడదు, వెళ్లి అడగాలి. మా దగ్గర అడిగితే కలుస్తుంది అన్నారు. టెస్ట్ రాయడంలో సగం లాభం ఇక్కడే వచ్చేస్తుంది. ఒక్క లైన్ కోడ్ రాయకముందే ఒక గొడవ తప్పింది.

ఇప్పుడు ఏ సంఖ్యలతో పరీక్షించాలి? 500, 700, 900 అని ఇష్టమొచ్చినవి పెడితే లాభం లేదు. బగ్‌లు ఎక్కువగా గట్టు మీద ఉంటాయి. అంటే రూల్ మారే చోట. 198 బిల్లుకి తగ్గింపు 0. 199కి 99 రూపాయల 50 పైసలు. 200కి 100. 201కి కూడా 100 మాత్రమే, 100 రూపాయల 50 పైసలు కాదు. ఈ నాలుగూ పాసైతే రెండు గట్లూ చూసేసినట్టే.

నాలుగు టెస్టులూ ఒకేలా ఉన్నాయి, సంఖ్యలు మాత్రమే మారుతున్నాయి అనుకోండి. అప్పుడు జేయూనిట్ 5లో పారామీటరైజ్డ్ టెస్ట్ వాడండి. ఒక పట్టిక ఇస్తే, ఒక్కో వరసకి ఒక్కో టెస్ట్‌గా అదే నడుపుతుంది. ఒక వరస ఫెయిలైనా మిగతావి ఆగవు.

ఇక్కడే ఇంకో చిన్న జాగ్రత్త. డబ్బుని డబుల్ టైప్‌లో పెట్టకండి. 0.1కి 0.2 కలిపితే కంప్యూటర్ 0.30000000000000004 అంటుంది. రూపాయల్ని పైసలు చేసి పూర్ణ సంఖ్యగా పెట్టుకోండి: 199 రూపాయలంటే 19900 పైసలు, సగం 9950. టెస్ట్‌లో పోల్చడం కూడా తేలికవుతుంది.

గడియారాన్ని చేతికివ్వండి

ఇప్పుడు అసలు బగ్ దగ్గరికి వద్దాం. కూపన్ క్లాస్ తనంతట తానే లోపల నుంచి సిస్టమ్ గడియారం చూసుకుంటోంది. అందుకే టెస్ట్‌లో "జనవరి 1, రాత్రి 12 గంటల 1 నిమిషం" అనే సందర్భాన్ని నేను సృష్టించలేకపోయాను. టెస్ట్ చెయ్యడం కష్టంగా ఉందంటే, చాలాసార్లు లోపం టెస్ట్‌లో లేదు, క్లాస్ డిజైన్‌లో ఉంది. టెస్ట్ రాయడానికి కూర్చుంటే ఆ లోపం మనకి మొదటగా తెలుస్తుంది.

రూల్ ఏంటంటే, మన చేతిలో లేనిదాన్ని, అంటే టైము, యాదృచ్ఛిక సంఖ్యలు, నెట్‌వర్క్, ఫైళ్లు, క్లాస్ లోపల పుట్టించకూడదు. బయటి నుంచి చేతికివ్వాలి. కన్‌స్ట్రక్టర్ ద్వారా ఇవ్వొచ్చు, మెథడ్‌కి ఇన్‌పుట్‌గా ఇవ్వొచ్చు. దీనికే డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పెద్ద పేరు పెట్టారు. భయపడకండి, ఫ్రేమ్‌వర్క్ ఏమీ అక్కర్లేదు, ఒక పారామీటర్ చాలు.

నేను మార్చింది ఇంతే. కూపన్‌ని ఇప్పుడు "నువ్వు చెల్లుతావా?" అని అడగం, "ఈ క్షణంలో చెల్లుతావా?" అని క్షణాన్ని ఇచ్చి అడుగుతాం. ఏ దేశపు తేదీ లెక్కలోకి తీసుకోవాలో కూపన్‌లోనే ఉంటుంది: ఏషియా/కోల్‌కతా. ఆ క్షణాన్ని తెచ్చే పని బిల్లింగ్ క్లాస్‌ది. దానికి జావాలోని క్లాక్ అనే క్లాస్ ఇచ్చాం. జావా 8 నుంచి అది భాషతో పాటే వస్తుంది. నిజం యాప్‌లో నిజం గడియారం, టెస్ట్‌లో ఒక చోట ఆపేసిన గడియారం.

ఇప్పుడు రెండు టెస్టులు. యూటీసీలో డిసెంబర్ 31, 18 గంటల 29 నిమిషాల 59 సెకన్లు: చెల్లుతుంది. అదే రోజు 18 గంటల 30 నిమిషాలు: చెల్లదు. ఎందుకంటే ఇండియాలో అప్పుడు సరిగ్గా రాత్రి 12. ఈ రెండో టెస్ట్‌ని, యూటీసీ సర్వర్ మీద ఆ క్షణంలో తేదీ అడిగే నా పాత లెక్కతో నడిపితే రెడ్. కొత్త లెక్కతో గ్రీన్. ఏ దేశంలో, ఏ మెషీన్ మీద, ఏ రోజు నడిపినా జవాబు మారదు. ఈ ఒక్క టెస్ట్ డిసెంబర్‌లోనే ఉండి ఉంటే ఆ 38 బిల్లులు పోయేవి కావు.

రెడ్ చూడకుండా గ్రీన్‌ని నమ్మకండి

నా కవరేజ్ 100 శాతం అన్నాను కదా. అది అబద్ధం కాదు. టెస్టులు నడిచినప్పుడు ఏయే లైన్లు నడిచాయో కవరేజ్ చెప్తుంది. ఆ లైన్లు ఇచ్చిన జవాబు సరైనదేనా అన్నది దానికి తెలియదు. అసర్ట్ ఒక్కటీ లేని టెస్టులతో కూడా 100 తెచ్చుకోవచ్చు. కవరేజ్ తక్కువ ఉంటే ఏ లైన్లు ఎవరూ ముట్టలేదో తెలుస్తుంది, అంతవరకు ఉపయోగం. ఎక్కువ ఉందని సంబరపడొద్దు.

దానికి బదులు ఈ అలవాటు చేసుకోండి. టెస్ట్ రాశాక, కోడ్‌లో కావాలని ఒక తప్పు పెట్టండి. "తక్కువ" అన్న చోట "తక్కువ లేదా సమానం" చెయ్యండి. 100ని 101 చెయ్యండి. టెస్ట్ రెడ్ అవ్వాలి. అవ్వకపోతే ఆ టెస్ట్ కాపలా కాయట్లేదు, కుర్చీలో నిద్రపోతోంది. ఈ పనినే ఆటోమేటిక్‌గా చేసే పద్ధతి మ్యుటేషన్ టెస్టింగ్. జావాకి పిట్ అనే టూల్ ఉంది. మొదట్లో చేత్తో చేసినా చాలు, అర నిమిషం పని.

మాక్‌లు: డూప్ ఫైట్ వరకే

మా ప్రాజెక్ట్‌లో ఇంకో జబ్బు ఉండేది. ప్రతి క్లాస్ చుట్టూ మాక్‌లే. ఇంకో చిన్న క్లాస్‌ని పిలిస్తే దాన్ని మాక్ చెయ్యడం, "ఈ మెథడ్ ఒకసారి పిలిచావా? ఈ వరసలో పిలిచావా?" అని చూడటం.

సినిమాలో హీరో బదులు డూప్ దూకుతాడు కదా, స్టంట్ డబుల్. జెరార్డ్ మెజారోస్ 2007లో వచ్చిన తన పుస్తకంలో ఆ మాట మీదే వీటన్నిటికీ టెస్ట్ డబుల్ అని పేరు పెట్టారు. అందులో రకాలున్నాయి. స్టబ్ అంటే, అడిగితే ముందే చెప్పి పెట్టిన జవాబు ఇస్తుంది. ఫేక్ అంటే నిజంగా పనిచేస్తుంది కానీ తేలికపాటిది, డేటాబేస్ బదులు మెమరీలో ఒక మ్యాప్ లాగా. మాక్ అంటే తనని ఎలా పిలవాలో ముందే తెలుసుకుని, అలా జరిగిందా లేదా అని పట్టి చూస్తుంది.

డూప్‌ని ఫైట్ సీన్ వరకు వాడతారు. హీరో నటన కూడా డూప్ చేస్తే ఆ సినిమా ఎవరిది? మన టెస్టులు అలా తయారయ్యాయి. తగ్గింపు లెక్కకట్టే క్లాస్ కూడా మాక్, కూపన్ కూడా మాక్. ఇంక పరీక్షించింది ఏంటి? మనం మాక్‌కి చెప్పి పెట్టిన జవాబు మనకే తిరిగి వచ్చిందా అని చూసుకున్నాం. పైగా కోడ్ లోపల ఒక మెథడ్‌ని రెండుగా విడగొడితే, బయటికి ఏమీ మారకపోయినా 40 టెస్టులు విరిగేవి. దాంతో ఏమవుతుందంటే, జనం కోడ్ బాగుచెయ్యడం మానేస్తారు. టెస్టులు ఉన్నదే ధైర్యంగా మార్చుకోవడానికి, అవే భయపెడితే ఎలా?

నేను ఇప్పుడు పాటించేది ఇది. మన సొంత చిన్న క్లాసులు, డబ్బు, కూపన్, బిల్లు లాంటివి, నిజమైనవే వాడతాను. పొలిమేర దాటి బయటికి వెళ్లేవాటికి, అంటే పేమెంట్ గేట్‌వే, ఎస్ఎంఎస్, డేటాబేస్ లాంటివాటికి డూప్ పెడతాను. "కస్టమర్‌కి మెసేజ్ వెళ్లిందా" అన్నదే ఆ క్లాస్ ఇచ్చిన మాట అయితే అక్కడ మాక్ సరైనదే. తప్పు మాకిటో లాంటి లైబ్రరీలది కాదు, మనం వాడిన చోటుది.

ప్రైవేట్ మెథడ్‌ని ఎలా టెస్ట్ చెయ్యాలని చాలామంది అడుగుతారు. చెయ్యొద్దు. పబ్లిక్ మెథడ్ ద్వారా అది ఎలాగూ నడుస్తుంది. లేదండీ, ఆ ప్రైవేట్ మెథడ్ చాలా పెద్దది, దాన్ని విడిగా చూడాల్సిందే అనిపిస్తే, అక్కడ ఇంకో క్లాస్ దాక్కుని ఉందని అర్థం. బయటికి తీసి దానికి ఒక పేరు పెట్టండి.

సర్దుకోవడం

ఇప్పుడు 10 టెస్టులు కాదు, 400 ఉన్నాయి. ఎక్కడ ఏది పెట్టాలి?

మావెన్, గ్రేడిల్ రెండింటిలోనూ అసలు కోడ్ మెయిన్ ఫోల్డర్‌లో, టెస్టులు టెస్ట్ ఫోల్డర్‌లో ఉంటాయి. రెండు చోట్లా ఒకే ప్యాకేజ్ పేరు పెట్టండి. కూపన్ క్లాస్ ఎక్కడుందో, కూపన్ టెస్ట్ దాని అద్దంలో ప్రతిబింబంలా అక్కడే దొరుకుతుంది. ఒక క్లాస్‌కి ఒక టెస్ట్ క్లాస్ అన్నది మంచి మొదలు. కానీ ఒక మెథడ్‌కి ఒక టెస్ట్ అని లెక్క పెట్టుకోకండి. ఒక మెథడ్ నాలుగు మాటలు ఇస్తే నాలుగు టెస్టులు కావాలి.

టెస్ట్ క్లాస్ పెద్దదైతే సందర్భాల వారీగా విడగొట్టండి. జేయూనిట్ 5లో నెస్టెడ్ అని ఉంది, టెస్ట్ క్లాస్ లోపల ఇంకో టెస్ట్ క్లాస్. "గడువు ముగిసిన కూపన్" ఒక గుంపు, "గడువులో ఉన్న కూపన్" ఇంకో గుంపు. రిజల్ట్ చూస్తే చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది.

పేర్లు. "టెస్ట్1", "టెస్ట్ కూపన్ ఓకే" లాంటి పేర్లు పెట్టకండి. రాత్రి 11 గంటలకి బిల్డ్ ఫెయిలై, పేరు మాత్రమే మీ ఫోన్‌కి వస్తుంది. ఆ పేరు చదివితే ఏ మాట తప్పిందో తెలియాలి. "ఇండియాలో రాత్రి 12 కాగానే కూపన్ చెల్లదు." ఇది పేరు. డిస్‌ప్లే నేమ్ అనే యానొటేషన్ వాడితే ఇలా వాక్యంలా రాసుకోవచ్చు, తెలుగులో రాసినా అది ఒప్పుకుంటుంది. ఆఫీసులో టీమ్ అందరికీ తెలిసిన భాషలో రాయండి, మీ సొంత ప్రాజెక్ట్‌లో మాత్రం ఒకసారి తెలుగులో ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది.

ఒక టెస్ట్ ఇంకో టెస్ట్ మీద ఆధారపడకూడదు. జేయూనిట్ మామూలుగా ప్రతి టెస్ట్ మెథడ్‌కి టెస్ట్ క్లాస్‌ని కొత్తగా తయారుచేస్తుంది, ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అంటకూడదనే. కానీ స్టాటిక్ వేరియబుల్ పెట్టారనుకోండి, ఆ జాగ్రత్తంతా పోయింది. "మొదటి టెస్ట్ యూజర్‌ని తయారుచేస్తుంది, రెండోది ఆ యూజర్‌ని వాడుకుంటుంది" అని ఎప్పుడూ రాయకండి. ఏ టెస్ట్‌ని ఒంటరిగా నడిపినా, ఏ వరసలో నడిపినా ఒకే ఫలితం రావాలి. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్ట్ ఒక్కటి ఉన్నా జనం మళ్లీ రన్ కొట్టడం అలవాటు చేసుకుంటారు. తర్వాత నిజం బగ్‌కి కూడా మళ్లీ రన్ కొడతారు. నాన్నా పులి కథే.

చివరిగా, సర్దుబాటు భాగం. ఒక బిల్లు తయారుచెయ్యడానికి 10 విషయాలు కావాలి: కస్టమర్, చిరునామా, వస్తువులు, షాపు. కానీ ఈ టెస్ట్‌కి ముఖ్యమైనది మొత్తం 199 అన్నది ఒక్కటే. అప్పుడు "199 రూపాయల మామూలు బిల్లు ఇవ్వు" అనే చిన్న సహాయక మెథడ్ రాసుకోండి. టెస్ట్‌కి అక్కర్లేనివి అందులో దాచండి, అవసరమైన 199 మాత్రం టెస్ట్‌లోనే కంటికి కనబడాలి. అన్నీ తీసుకెళ్లి బిఫోర్ ఈచ్‌లో పడేస్తే, ఫెయిలైన టెస్ట్ చదవడానికి పైకీ కిందకీ స్క్రోల్ చేస్తూ ఉండాలి. టెస్టుల్లో కొంచెం కోడ్ రెండుసార్లు రాసినా పర్వాలేదు, విడిగా చదివితే అర్థమవ్వడం ముఖ్యం.

రేపు ఎక్కడ మొదలుపెట్టాలి?

"మా ప్రాజెక్ట్‌లో అసలు టెస్టులే లేవు" అంటారా? మైకేల్ ఫెదర్స్ 2004లో రాసిన పుస్తకంలో, టెస్టులు లేని కోడ్‌ని లెగసీ కోడ్ అన్నారు. నిన్న రాసినా సరే, టెస్ట్ లేకపోతే పాతదే. అలాగని మొత్తానికి ఒకేసారి రాయాలని కూర్చోకండి, వారంలో విసుగొస్తుంది.

రేపు ఒక బగ్ వస్తుంది, ఎలాగూ వస్తుంది. దాన్ని సరిచేసే ముందు, ఆ బగ్‌ని పట్టుకునే టెస్ట్ ఒకటి రాయండి. అది రెడ్ అవ్వడం మీ కళ్లతో చూడండి. తర్వాత కోడ్ సరిచెయ్యండి, గ్రీన్ చూడండి. ఇంక ఆ బగ్ చెప్పకుండా తిరిగి రాలేదు. ఇలా చేస్తే దెబ్బలు ఎక్కువ తగిలే చోటే ముందు టెస్టులు పోగవుతాయి. కోడ్ మార్చాలి, కానీ అదేం చేస్తుందో ఎవరికీ తెలియదు అన్నప్పుడు, ఇప్పుడు ఏ జవాబు ఇస్తోందో దాన్నే టెస్ట్‌గా రాసి పెట్టుకోండి. అది సరైనదో కాదో తర్వాత తేల్చుకోవచ్చు, కనీసం మీకు తెలియకుండా మారదు.

టెస్టులు ఉంటే బగ్‌లు ఉండవని నేను చెప్పట్లేదు. మనం ఆలోచించని సందర్భాన్ని టెస్ట్ కూడా ఆలోచించదు. నేను టైమ్ జోన్ గురించి ఆలోచించలేదు. కానీ "31 రాత్రి 12 వరకు" అన్న మాటని ఉన్నది ఉన్నట్టు టెస్ట్‌గా రాయడానికి కూర్చుని ఉంటే, "ఎవరి 12?" అన్న ప్రశ్న ఎదురయ్యేది. నేను ఆ మాట బదులు నా కోడ్‌నే ఇంకోసారి రాశాను, అందుకే ఆ ప్రశ్న రాలేదు.

డబ్బు తిరిగి పడ్డాక బేకరీ ఆయనకి నేనే ఫోన్ చేశాను. సారీ చెప్పాను. "పర్లేదు బాబూ, మళ్లీ జరక్కుండా చూడండి" అన్నారు. ఆ మాటకి నా దగ్గరున్న జవాబు ఆ రెండు టెస్టులే. వాటిలో రెండోదానికి పేరు పెట్టేటప్పుడు ఆయన మాటే వాడాను: "ఒకటో తారీఖు బిల్లుకి షాపు దగ్గర కట్ చెయ్యకూడదు." నేను ఆ టీమ్ వదిలి వచ్చేసేదాకా ప్రతి బిల్డ్‌లోనూ ఆ లైన్ గ్రీన్‌లో కనబడేది.

ఈ వారం హోంవర్క్: మీ ప్రాజెక్ట్‌లో ఒక్క క్లాస్ తీసుకోండి, కోడ్ చూడకుండా అది ఇచ్చే మాటలు కాగితం మీద రాయండి, తర్వాత ఉన్న టెస్టులతో పోల్చండి. ఎన్ని మాటలకి టెస్ట్ లేదో లెక్కపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో డేటాబేస్‌తో కలిపి చేసే ఇంటిగ్రేషన్ టెస్టుల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, జాగ్రత్త.